అనంతమ్మ వేళ్ళు చెప్పిన అబద్ధం

గద్వాల నేతగాళ్ళ వాడలో అనంతమ్మకు మొహం ఒకటి ఉందన్న సంగతి చాలామందికి గుర్తే ఉండదు. అందరికీ గుర్తున్నవి ఆమె వేళ్ళు. బీచుపల్లి దగ్గర కృష్ణలో ఎవరో చీర జాడిస్తుంటే, ఇక్కడ గడప మీద కూర్చుని అది అసలు పట్టో కల్తీ పట్టో చెప్పేస్తుందని అనేవాళ్ళు. మరీ అంత లేదులెండి, మధ్యలో గాలి తగలదూ! కానీ చీర చేతికిస్తే మాత్రం కళ్ళు మూసుకునే చెప్పేది. ఒకసారి ఒక పెళ్ళిచీర కొంగు పట్టుకుని, "ఇది నేసినాయనకు ఆనాడు జరమొచ్చినట్టున్నది" అన్నదట. కనుక్కుంటే నిజమేనట. ఎవరు కనుక్కున్నారో మాత్రం ఇప్పటికీ తెలియదు.

రాజోలి నుంచి కోడలిగా వచ్చింది ఆమె. అత్తకు చూపు తక్కువ. అందుకని ఆ ముసలామె కోడలికి పనంతా చేతులతోనే నేర్పింది. గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. నూలూ పట్టూ కలిసే చోట గీత కూడా తెలియకూడదు. అక్కడ వేలు పెట్టి, "ఈడ జారింది" అని అనంతమ్మ అన్నదంటే మగ్గం మీదున్న వాడు ఎంత పెద్ద పనివాడైనా నోరు మూసుకోవాల్సిందే. చీర మార్చారని షావుకారుకూ నేతగాడికీ గొడవైతే ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆమె తప్పు చెప్పిన రోజు లేదు. ఉన్నా ఎదురు చెప్పినవాడు లేడు కాబట్టి లేనట్టే.

భర్త ఆశన్న మాట్లాడడు. మాట్లాడాల్సినవన్నీ ఆమే మాట్లాడుతుంది కాబట్టి ఆయనకు అవసరం పడలేదు. ఒక్కడే కొడుకు వంశీధర్, తండ్రితో పాటు మగ్గం మీదే ఉన్నాడు. కోడలు మమతది తిమ్మాజిపేట. వాళ్ళవాళ్ళే గాని, తాతల కాలంలోనే మగ్గం వదిలేసి వ్యవసాయంలో పడ్డ ఇల్లు. పత్తి చెట్టు తెలుసుగాని దారం తెలియని పిల్ల. అత్త ఏ బట్ట పట్టుకుని ఏం చెప్పినా నోరు తెరుచుకుని వినేది. "మా అత్త చేతికి తెల్వనిది ఉండదు" అని నీళ్ళ దగ్గర గొప్పలు చెప్పేది. అత్త గొప్పలు చెప్పుకునే కోడలిని ఈ జిల్లా మొత్తంలో నేను ఆ ఒక్కదాన్నే చూశాను.

ఆ మమతకు మొన్న ఎండాకాలంలో కాన్పయింది. గద్వాలలోనే దవాఖానలో, పొద్దున పూట, ఏ కోతా లేకుండా ఆడపిల్ల పుట్టింది. కాన్పు చేసింది కల్పన అనే నర్సు. లింగాల అవతల నల్లమలలో ఒక చెంచుల పెంట నుంచి వచ్చిన పిల్ల. అక్కడ గూడేన్ని పెంట అంటారు. తండ్రి ఈదన్న అడవిలో తేనె తీస్తాడు. కల్పన నెమ్మదైన మనిషి. నొప్పులతో అరిచే వాళ్ళు కూడా ఆమె చెయ్యి వేస్తే కాసేపు అరవడం మరిచిపోతారు.

ఇక్కడే ఒక పద్ధతి సంగతి చెప్పాలి. బిడ్డ తర్వాత పడే మావిని ఆ ఇంటివాళ్ళు ఇంటికి తెచ్చుకుంటారు. మావి అంటే కడుపులో బిడ్డకు తిండీ గాలీ అందించిన ముద్ద. దానికి అంటుకుని, ఉమ్మనీళ్ళతో బిడ్డను మోసిన పొరల సంచి ఉంటుంది. నాయనమ్మ దాన్ని పసుపు నీళ్ళతో కడిగి, ఉప్పు వేసి, కొత్త కుండలో పెట్టి ఎవరూ తొక్కని చోట పాతిపెట్టాలి. ఇప్పుడు చాలామంది దవాఖానలోనే వదిలేస్తున్నారు. అనంతమ్మ వదులుతుందా! అడిగి రాయించుకుని మరీ తెచ్చింది.

దొడ్లో కూర్చుని కడుగుతోంది. పక్కింటి ధనలక్ష్మి చెంబుతో నీళ్ళు పోస్తోంది. ధనలక్ష్మి సంగతి తెలుసుగా, ఆమె చెవిలో ఒక మాట వేస్తే అయిజ దాకా వినబడుతుంది. సంచిని వేళ్ళతో సాఫు చేస్తున్న అనంతమ్మ చెయ్యి ఆగిపోయింది. బొటనవేలుకీ చూపుడువేలుకీ మధ్య పొర జారి రెండుగా విడిపోయింది.

"ధనలక్ష్మీ, గిదేందే?"

"ఏంది వదినా? పుండుగిట్ల ఉన్నదా?"

"కాదే. రెండున్నయ్. ముట్టుకో. గీ లోపలిది సూడు, పట్టు లెక్క జారుతున్నది. గీ పైది గరుకు, మందం, నూలు లెక్క."

"నాకేం తెలుస్తది వదినా, నాకు రెండూ సల్లగనే ఉన్నయ్."

అనంతమ్మ కళ్ళు మూసుకుంది. మళ్ళీ ముట్టుకుంది. అప్పుడు ఆ మాట అన్నది. "ఒక్క మగ్గం మీద ఒక్కపారి ఒక్క బట్టనే దిగుతది. రెండు తీర్ల బట్టలు దిగినయంటే రెండు మగ్గాలు ఆడినట్టే. గీడ రెండు సంచులున్నయ్. కడుపుల ఇద్దరున్నరు."

చెంబు ధనలక్ష్మి చేతిలోంచి జారింది. "ఓయమ్మా! మరి ఇంకొకలు ఏరి?"

ఆశన్న అరుగు మీది నుంచి ఆ సంవత్సరానికి సరిపడా మాట్లాడాడు. "స్కానింగుల ఒక్కటే అన్నరు గద."

"ఒగని ఎనక ఒగడు దాక్కుంటే మిషిన్‌కేం కనపడ్తది అన్నా!" అన్నది ధనలక్ష్మి.

"బొడ్డుతాడు గూడ ఒక్కటే ఉన్నది" అన్నాడు ఆశన్న.

"ఇంకోటి తెంపి పారేసి ఉంటరు. దొంగలు గుర్తులిడుస్తరా?" ఇదీ ధనలక్ష్మే. "గంతే కాదు వదినా, పోయినోడు మగపిల్లగాడే. ఆడపిల్లనెవడు దొంగతనం జేస్తడు?"

ఆ మాట దొడ్డి దాటింది. హోటల్ దగ్గరికి వచ్చేసరికి మగపిల్లవాడు ఖాయమయ్యాడు. కోట దర్వాజా దగ్గరికి వచ్చేసరికి తెల్లగా, ఉంగరాల జుట్టుతో ఉన్నాడు. బస్టాండ్ చేరేసరికి వాడిని కార్లో వేసుకుని కర్నూలు దాటించేశారు. పుట్టి పూట కూడా గడవని పిల్లవాడు అంత వేగంగా ప్రయాణం చెయ్యడం లోకంలో ఎక్కడా జరిగి ఉండదు.

అనంతమ్మ మావి కుండ చంకన పెట్టుకుని దవాఖానకు పోయింది. వెనక వాడంతా ఉంది. వంశీధర్ అందరికంటే ముందున్నాడు. కల్పన వార్డులో మమత మంచం దగ్గరే ఉంది, పిల్లను రొమ్ముకు పట్టించడం చూపిస్తోంది.

"ఏడవెట్టినవే నా మనమణ్ణి?"

కల్పనకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక కోపం చెయ్యలేదు. "అమ్మా, రెండు పొరలు అందరికీ ఉంటయి. ఒక్క బిడ్డ ఉన్నా రెండే ఉంటయి. జర లోపలికి రా, జూపిస్త."

"నువ్వేంది నాకు జూపించేది? నువ్వు పుట్టకముందు కాడికెల్లి బట్ట ముట్టుకుంటున్న. నా యేళ్ళకు ఎదురు జెప్పినోడు లేడు గద్వాలల." అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! ఆగలేదు. గుంపు వెనకుంటే ఎవరి నోరూ ఆగదు. "మీ అడవిల పిల్లల్ని గిట్లనే అమ్ముకుంటరా ఏంది?"

కల్పన చేతి తొడుగు ఒకటి సగం తీసి, అలాగే ఉండిపోయింది. మంచం మీది మమత మాత్రం అడవి మాట వినలేదు. ఆమె విన్నది ముందు మాట ఒక్కటే.

"ఇంకొకడున్నడా అత్తా? నాకు ఇంకొకడు పుట్టిండా?"

డాక్టరు స్వరూప పరుగున వచ్చింది. గుంపును బయట నిలబెట్టి, అనంతమ్మను ఒక్కదాన్ని పక్కగదిలోకి తీసుకుపోయింది, కల్పన కూడా వచ్చింది. తలుపు వేశారు. ఈ గదిలో జరిగింది అనంతమ్మ తరవాత తనే చెప్పింది కాబట్టి నాకు తెలిసింది. లేకపోతే నేను ఇంకో రకంగా చెప్పి ఉండేదాన్ని.

కల్పన పళ్ళెంలో మావిని పరిచింది. అనంతమ్మ చేతులకు తొడుగులు వేసింది. "నీ యేళ్ళతోనే సూడమ్మా. గీ లోపలి పొర, సన్నగ అద్దం లెక్క ఉన్నది సూడు. దీంట్ల నెత్తురు నాళం ఒక్కటి గూడ లేదు. బిడ్డను, నీళ్ళను పట్టుకున్నది ఇదే. జర మెల్లగ గుంజు."

గుంజింది. పొర లేచి వచ్చింది. మావి మీది నుంచి కూడా లేచి వచ్చింది. బొడ్డుతాడు మొదలు దాకా వచ్చి అక్కడ ఆగింది.

"ఇగ బయటిది సూడు. ఇది మబ్బు మబ్బుగ ఉంటది, పెళుసు, ఊకనే చిరుగుతది. ఇది మావి అంచు కాడ్నే ఆగిపోతది, దాంతోనే కలిసి పెరిగింది కాబట్టి. మొదటి నెలల్ల ఈ రెండిటికి నడుమ జాగ ఉంటది. లోపలిది నీళ్ళతోని ఉబ్బి ఉబ్బి పోయి బయటిదానికి ఆనుకుంటది. ఆనుకుంటది గాని గట్టిగ అతుక్కోదు. అందుకే నీ చేతిల జారింది. ఇది తప్పు గాదు, లోపం గాదు, ఇట్లనే ఉండాలె. రెండూ మొత్తం వచ్చినయా లేదా అని కాన్పయినంక మేం ప్రతిసారి సూస్తం. ముక్క లోపల ఉండిపోతే తల్లికి నెత్తురు ఆగది."

డాక్టరమ్మ అందుకుంది. "కవలలైతే రెండు బొడ్డుతాళ్ళు ఉంటాయి. రెండోది తెంపినా అది మావిలోంచి బయలుదేరిన చోటు దాగదు. ఎక్కడుందో చూపించండి."

అనంతమ్మ మావినంతా తడిమింది. ఒక్కటే మొదలు. బిడ్డ బయటికొచ్చిన చిరుగు కూడా ఒక్కటే, రెండు పొరల్లోంచీ. ఆమెకు చాలలేదు. అప్పుడే ఇంకో తల్లికి కాన్పయింది, బిడ్డ ఒక్కటే, ఎదురుగా కనబడుతోంది. ఆ తల్లిని అడిగి ఆమె మావిని కూడా తెచ్చి పెట్టారు. అనంతమ్మ వేళ్ళు పెట్టింది. అదే పట్టు, అదే నూలు. అలాగే జారింది.

"నువ్వు పుట్టినప్పుడు గూడ గిట్లనే ఉండె అమ్మా" అన్నది కల్పన.

మనిషి ఒంట్లో నెత్తురంతా మొహంలోకి వస్తే ఎలా ఉంటుందో ఆ గదిలో ఉన్న ఇద్దరికీ తెలుసు. అనంతమ్మ తొడుగులు తీసింది. తలుపు తీసింది.

బయట వాడంతా ఉంది. షావుకార్లున్నారు. ఆమె వేలు పెడితే నోరు మూసుకునే పనివాళ్ళంతా ఉన్నారు. ధనలక్ష్మి ఎదురొచ్చింది. "ఏమాయె వదినా? ఒప్పుకున్నరా?"

"జరుగుండ్రి. ఇంటికి పోవాలె."

అంతే అన్నది. ఆ ఒక్క మాట అని తల వంచుకుని నడిచిపోయింది. వెనక డాక్టరు స్వరూప బయటికి వచ్చి అందరికీ విడమరిచి చెప్పింది. ఎవరు వింటారు? డాక్టర్లు డాక్టర్ల వైపే చెప్తారు అన్నారు. అనంతమ్మ ఏమీ మాట్లాడలేదంటే ఆమెను లోపల బెదిరించారన్నారు. కత్తి చూపించారని ధనలక్ష్మి, తుపాకీ అని ఇంకెవరో. వంశీధర్ ఫిర్యాదు ఇచ్చాడు. కల్పన వార్డులో నిలబడి ఉన్న వీడియో అందరి ఫోన్లలోకీ పోయింది. విచారణ అయ్యేదాకా ఆమెను కాన్పుల గదిలోకి రావద్దన్నారు. ఆ పిల్ల లింగాల బస్సెక్కితే, బస్సులో ఒకామె చంకలోని బిడ్డను అటువైపు తిప్పి కూర్చుందట. ఈ ఒక్కటీ నేను పెంచి చెప్పడం లేదు.

మావిని ఆశన్న తీసుకొచ్చి గోడ పక్కన పాతిపెట్టాడు. మమతను ఇంటికి తెచ్చారు.

ఇంటికి వచ్చిన మమత పిల్లను ఎత్తుకునేది, పాలిచ్చేది, కానీ ఎడమ వైపే ఇచ్చేది. కుడి వైపు ఇవ్వదు. పిల్ల ఏడ్చినా ఇవ్వదు. అనంతమ్మ గమనించి, పిల్లను అటు తిప్పబోయింది.

"వద్దత్తా" అన్నది మమత. "గా పక్కది వానిది."

అనంతమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"వాడు దొరికితే పాలుండాలె గద. ఏడ ఏడుస్తున్నడో. నువ్వు చేతితోని ముట్టుకొని జెప్పినవ్ కాబట్టి తెలిసింది. లేకపోతే నాకు ఒక కొడుకున్నడనే తెల్వకపోవు."

అప్పుడైనా చెప్పొచ్చు. ఇంట్లో ఇద్దరే ఉన్నారు. నోటి దాకా వచ్చింది. వచ్చి, "అన్నం తిను బిడ్డా" అయి బయటపడింది. ఆ తరవాత ఆమె చేసినవన్నీ చెప్తే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. బీచుపల్లి అంజన్నకు మొక్కింది. ఏమని మొక్కిందో చూడండి, తను చెప్పకుండానే కోడలికి నిజం తెలియాలని. దేవుడికి అంతకంటే పని లేదా! "ఉన్న పిల్లను మంచిగ సూసుకో, పోయింది మర్చిపో" అని కోడలికి బుద్ధి చెప్పింది. అంటే పోయాడని మళ్ళీ తనే ఒప్పుకున్నట్టు! మమత ఇంకా గట్టిగా ఏడ్చింది.

కుడి రొమ్ము రాయిలా గడ్డకట్టింది. ఎర్రగా కమిలింది. మమతకు చలిజ్వరం పట్టుకుంది. ఆశన్న మగ్గం దిగి భార్య ముందు నిలబడ్డాడు.

"నీకు తెలుసు" అన్నాడు.

"ఏంది తెలుసు?"

"దవాఖానకెల్లి వచ్చిన కాడ్నించి నీ చేతులు కొంగుల దాస్తున్నవ్. నాకు కండ్లు లేవా? పోయి జెప్పు."

"జెప్పితే?" అన్నది అనంతమ్మ. "జెప్పితే రేపటికెల్లి నా చేతిల బట్ట వెడ్తరా ఎవలన్న? ఇన్నేండ్ల సంది గివే యేళ్ళతోని ఎంతమంది పనోళ్ళను తప్పు వట్టిన? వాండ్లంత వచ్చి నిలవడరా గడప ముందట?"

"నిలవడనియ్యి."

"నీకేం, నీకు పేరు లేదు పోనీకె."

ఆ మాటకు ఆశన్న నొచ్చుకోలేదు. లోపల జ్వరంతో మూలుగుతున్న కోడలి వైపు చూశాడు. "పిల్ల సస్తదే" అన్నాడు.

విచారణ రోజు దవాఖాన ఆవరణలో ఇసక వేస్తే రాలనంత మంది. జిల్లా దవాఖానల పెద్దసారు వరండాలో కుర్చీ వేసుకున్నాడు. డాక్టరు స్వరూప ఒక పక్క, కల్పన ఒక పక్క. కల్పన వెంట ఈదన్న వచ్చాడు, స్తంభానికి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. జ్వరంతోనే మమత వచ్చింది. వద్దన్నా వినలేదు, నా కొడుకు సంగతి తేలే రోజు నేను లేకపోతే ఎట్లా అన్నది. పిల్ల ఆమె ఒళ్ళోనే ఉంది.

సారు కాగితం చూసి, "అనంతమ్మ ఎవరు?" అన్నాడు.

అనంతమ్మ లేచింది. ఆమె సారు వైపు చూడలేదు. మమత ఎదురుగా పోయి నేల మీద కూర్చుంది.

"బిడ్డా, నీకు ఇంకొకడు పుట్టలే. గీ పిల్ల ఒక్కతే. రెండు పొరలు అందరికుంటయి. లోపలిదొకటి, బయటిదొకటి. నేను ముట్టుకొని రెండు సంచులనుకున్న. తప్పు వడ్డ. నా యేళ్ళు తప్పు వడ్డయి."

గుంపులో ఎవరో ఈల వేశారు. "ఓ అనంతక్కా! మరి నా చీర కూడ గట్లనే తప్పు వట్టినవా పోయినేడు?" అని ఒక పనివాడు అరిచాడు. నవ్వులు లేచాయి. చాలాకాలంగా దాచుకున్న నవ్వులు, వరండా కప్పు ఎగిరిపోయేటట్టు. అనంతమ్మ తల ఎత్తలేదు. ఆ నవ్వుల కింద మనిషి చిన్నదైపోయింది, ఒళ్ళు ముడుచుకుని, ఎవరో ఉతికి పిండేసినట్టు. ధనలక్ష్మి అందరికంటే ముందు నవ్వి, అందరికంటే ముందు ఇంటిదారి పట్టింది.

సారు కాగితం మడిచాడు. "సిస్టర్, ఇంక నీ మీద ఏం లేదు. డ్యూటీలో చేరు."

"చేరుత సార్" అన్నది కల్పన. కానీ కదల్లేదు. "పొరల సంగతి అయింది. ఇంకో మాటున్నది. ఆ మాట గూడ అందరి ముందటనే అన్నది. మా నాయన ఈడనే ఉన్నడు."

అందరూ స్తంభం వైపు తిరిగారు. ఈదన్న నేలనే చూస్తున్నాడు. అనంతమ్మ అతని వైపు తిరిగింది.

"అడవిల పిల్లల్ని అమ్ముకుంటరని అన్న. అది యేళ్ళ తప్పు గాదు. అది నా లోపల ఉన్నదే, బయటికొచ్చింది. ఏం జెయ్యాల్నో నాకు తెల్వదు. నేను అన్న, అంతే. నాకు సిగ్గయితున్నది అన్నా."

ఈదన్న చూపు నేల మీది నుంచి లేవలేదు.

మమత అప్పటిదాకా అత్త మొహంలోకే చూస్తూ ఉంది, ఏదో లెక్క కుదరనట్టు.

"అత్తా, గీ సంగతి నీకెప్పుడు తెలిసింది?"

అనంతమ్మ చేతులు కొంగులో దాచుకుంది.

"గానాడే తెలిసిందా? గా గదిలకెల్లి బయటికొచ్చినప్పుడే?"

"గానాడే."

"నేను పాలు దాసిపెడ్తుంటె సూసినవ్."

"సూసిన."

"తెలిసే సూసినవా?"

"తెలిసే సూసిన బిడ్డా."

ఇంక నవ్వులు లేవు. మమత ఏడవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేదని అనంతమ్మ ఇప్పటికీ అంటుంది. డాక్టరు స్వరూప వచ్చి, రొమ్ము చూడాలి, చీము పట్టి ఉంటుందేమో లోపలికి రమ్మన్నది. మమత గోడ పట్టుకుని లేచింది. పిల్లను ఎవరికైనా ఇవ్వాలి. అనంతమ్మ లేచి రెండు చేతులూ చాచింది.

మమత ఆ చేతులను దాటుకుని పోయి, పిల్లను కల్పనకు ఇచ్చింది. "జర పట్టుకో అక్కా" అన్నది.

కల్పన పిల్లను అందుకుని అనంతమ్మను చూసింది. ఆ చూపులో గెలిచానన్నది ఏమీ లేదు. ఉంటే అనంతమ్మకు కొంచెం తేలికయ్యేదేమో. వాళ్ళు లోపలికి పోయారు. తలుపు పడింది.

"లోపలికి పో" అన్నాడు ఆశన్న.

"పిలిస్తే పోత" అన్నది అనంతమ్మ. వరండా మెట్టు మీద కూర్చుంది. వాడ జనమంతా ఆమె పక్కనుంచే దిగిపోయారు. ఎవరూ పలకరించలేదు. ఆమె కూడా ఎవరినీ తలెత్తి చూడలేదు. ఆ తలుపు వైపే చూస్తూ కూర్చుంది.